బరువు ఎక్కడ కూర్చుంటుంది

కరకోల్ బజారులో మూడో కొట్టు నాది.
బేగిమాయ్ వచ్చింది, వాళ్ళన్న పాత సంచి భుజాన.
"నాలుగు రోజుల నడక. ఇది చాలదా?"

తల వంచమన్నాను.
మెడ దిగువన ఎముక పొడుచుకొచ్చిన చోటు నుంచి
తుంటి అంచు దాకా టేపు పెట్టాను:
నలభై రెండు.
వాళ్ళన్నది యాభై వెన్నుకి కుట్టిన సంచి.

ఎర్రది నచ్చిందామెకు. ఎవరికి నచ్చదు!
అందులో పది కిలోల బంగాళాదుంపలు పోశాను.
"చెక్క మసీదు దాకా వెళ్ళి రా."

వచ్చింది. ఏమీ అనలేదు.
పట్టీలు రొమ్ముల్ని ఒరుసుకున్న సంగతి
చొక్కా ముడతలే చెప్పాయి.

బూడిదరంగుది దించాను.
ఎవరో జర్మన్ ఆవిడ తిరుగు ప్రయాణంలో అమ్మేసి పోయింది.
పట్టీలు పక్కకి వంగి దారిచ్చాయి.
నడుం పట్టీ బిగించాను, ఊపిరాడేంత.

దుంపలు అవే.
భుజాలు మాత్రం
చెవుల దగ్గర్నుంచి కిందికి దిగాయి.

"బరువేదీ?" అంది.
తుంటి మీద తట్టాను.

మళ్ళీ బయల్దేరింది,
నేను వెళ్ళమనకుండానే.

కొట్టు కట్టేసే వేళ
బల్ల మీద వాళ్ళన్న సంచి.
నా రాత్రి కూర మాత్రం
ఇంకా మసీదు వీధిలో తిరుగుతోంది.