పదిహేడు ముడుల తాడు

తాడుకి పదిహేడు ముడులు వేశాను, మనిషికొకటి.
ముడి వదిలారో గాలి ఎత్తుకుపోతుందని బెదిరించాను.
ఈ స్తెప్పీ గాలి సంగతి వాళ్ళకి నేను చెప్పాలా,
టోపీ పోగొట్టుకోనివాడు ఒక్కడూ లేడు మా బళ్ళో.

మ్యూజియం అంటే పెద్దదేం కాదు.
జెజ్కజ్గాన్ వెళ్ళే రోడ్డు పక్కన
మూతపడ్డ రాగి గని వాళ్ళ క్లబ్బు, రెండు గదులు.
తలుపు దగ్గర లిదియా అర్కాద్యెవ్నా
బూట్ల మీద తొడుక్కోమని గుడ్డసంచులు పంచింది.
మా పిల్లలకి మోకాళ్ళ దాకా వచ్చాయవి.
నడవడం మానేసి జారడం మొదలెట్టారు.
అంతరిక్షం ఎక్కడికి పోతుంది,
ముందు నేల నున్నగా ఉంది కదా!

పైనుంచి దిగిన గుండు గదికి నడుమ,
ఒకవైపంతా మాడి,
పెనం మీద మరిచిపోయిన రొట్టెలా.
"ఎవరు మాడ్చారు?" అంది దిల్యారా.
గాలి, అన్నాను.
నమ్మలేదు. గాలంటే చలి.
పగిలిన దాని చెంపలే సాక్ష్యం.

ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఒకటే దారి పట్టాయి:
లోపలున్నాయన ఒంటికెలా వెళ్ళాడు?
ముప్పై ఏళ్ళుగా ఈ ప్రశ్న కోసమే
కుర్చీ వేసుక్కూర్చున్నట్టు
లిదియా అర్కాద్యెవ్నా గొట్టం తీసి చూపించింది.
ఏ గ్రహమూ వాళ్ళనంతసేపు నిలబెట్టలేదు.

గాజుపెట్టెలో దూది కూరిన కుక్క.
"తిరిగొచ్చిందా?" అడిగింది తొల్గనాయ్.
ఆవిడ కళ్ళద్దాలు తుడిచింది, మళ్ళీ తుడిచింది.
"ఇది వచ్చింది," అంది,
'ఇది' మీద కాస్త బరువు మోపి.
పిల్లలకది చాలింది.
నాకు చాలలేదు.

మధ్యాహ్నం బల్లలు కలిపి పాత పేపర్లు పరిచాం.
రెండు నెలలుగా కూడబెట్టిన అట్టగొట్టాలు
(నన్ను చూసే ఇరుగుపొరుగు చూపే మారిపోయింది),
చాక్లెట్ రేకులు, ఉడికించిన మైదా జిగురు,
మంటకి ఎర్ర కాగితం పీలికలు.
ముక్కు పైకి, తోక కిందికి, అని చెప్పాను.
రాకెట్లు మొలిచాయి వంకరటింకరగా,
ఒకటి మిరాస్ మోచేతికంటుకుని,
ఒకటి దిల్యారా జుట్టులో దిగబడి.

అల్దియార్‌ది మాత్రం పడుకుని ఉంది.
గొట్టాన్ని నిలువునా చీల్చి దోనెలా తెరిచి
పక్కన మూడు కాళ్ళ పక్షుల్ని అంటించాడు.
"ఇది ఎగరదు కదరా నాన్నా."
"ఎగిరింది," అన్నాడు తలెత్తకుండా.
"ఎగిరెగిరి మా గొర్రెల బీట్లో పడింది.
జుమబెక్ తాత రంపంతో కోశాడు.
మా కోళ్ళు దాంట్లోనే తింటాయి."

వాడి ఊరివైపు ఏ ఇంట్లో చూసినా
ఆకాశం విడిచిన ముక్క ఏదో ఒకటుంటుంది,
స్నానాలగది కప్పో, మంచు మీద లాగే బండో.
తుప్పు పట్టదు, బరువుండదు.
తాకొద్దని ఏటేటా గోడలకి కాగితాలంటిస్తారు.
ఏటేటా కాగితం గాలికి పోతుంది,
రేకు ఉంటుంది.
మా ఇంట్లో పాలు కాచే గిన్నె మూత గురించి
నేనెవరికీ చెప్పలేదు.
ఆ కాగితాలంటించేది నేనే మరి.

లిదియా అర్కాద్యెవ్నా వంగి చూసింది.
నిలబడ్డ రాకెట్లన్నిటికీ కిటికీ గట్టు దొరికింది.
దీన్ని మాత్రం రెండు చేతుల్తో తీసుకెళ్ళి
మాడిన గుండు పక్కన, నేల మీద పెట్టింది.
అల్దియార్ వెనకాలే జారుకుంటూ వెళ్ళి
జేబులోని పొద్దుతిరుగుడు గింజలు
నాలుగు లెక్కపెట్టి అందులో వేశాడు,
ఒకటి మనసు మార్చుకుని నోట్లో వేసుకున్నాడు.

బస్సు దాకా మళ్ళీ తాడు.
ముడులు తడిమి లెక్క చూసుకున్నాను, పదిహేడు.
అందరి చేతులూ జిగురే.
బస్సెక్కాక వదలండర్రా అంటే
ఒక్కరికీ ఊడి రాలేదు.