పదిహేను మిల్లీలు

సైకిలు ముందు చక్రం తీసి
సాయబాను దూలానికి తాడుతోని ఏలాడదీసిన.
ఆదివారం. చండూరుల ఇంకా ఎండ ముదరలే.
మొన్నటిసంది గట్టుప్పల్ బాట మీద
ప్రతి రాయీ నా మోచేతుల దాకొచ్చి
పేరు చెప్పి పోతున్నది.

సెకండ్‌హ్యాండుల అమ్మినోడు అప్పుడే అన్నడు,
యాభై గంటలకొకపారి ఫోర్కు ఇప్పి నూనె మార్చాలె అని.
నేను గంటలు లెక్కపెట్టలే.
ఉత్తరాలు లెక్కపెట్టిన, పింఛన్ల నోట్లు
ఎంగిలి తడితోని లెక్కపెట్టిన.
రెండేండ్లాయె.

ఎడమ కాలు నెత్తి మీది మూత తీసి
పిన్నీసు మొనతోని నొక్కితే
లోపలి గాలంత
ఒక్క చీదుడు చీది ఊకున్నది.

ఆ సప్పుడుకే లేసిండు ఎదురింటి జాంగీరు తాత.
నాలుగడుగుల బజారును
నలభై అడుగులు చేసుకుంట దాటిండు.
మోకాళ్లు వంగవు, మెడ తిరగది.
పక్కకు చూడాల్నంటె మనిషే మొత్తం తిరగాలె.

ముప్పై ఏండ్లు బోరింగుల మెకానిక్కు.
ఏ ఊరి పంపుకు ఏ తోలు వాషరో
ఇప్పటికీ నిద్రల అడిగినా చెప్తడు.
బోరింగు బాగైన ప్రతి ఊర్ల
మొదటి చెంబు ఆయనకే ఇచ్చిండ్రు.
మర్యాదకు తాగిండు.
ప్రతి ఊర్ల.

"ఇది బోరింగే గదనే, అండాలూ" అన్నడు గోడకు ఆనుకొని.
"లోపల కడ్డీ, బయట గొట్టం, నడుమ సీలు.
అది నీళ్లు మీదికి తెస్తది,
ఇది దెబ్బలు కిందికి మింగుతది. గంతే తేడా."

అడుగు బోల్టులు నాలుగు సుట్లు వదులు చేసి
రోకలికి పాత చీరె పేగు సుట్టి ఎత్తిన.
"ఏయ్, గట్టిగ కాదు!
తలుపు కొట్టినట్టు కొట్టు.
లోపల పండుకున్నోనికి కోపం రావద్దు."

కొట్టిన. జారింది.
తేనె రంగుండాల్సిన నూనె
సిమెంటు చారోలె చిప్పల పడ్డది.
ఏ వానల ఏ వాగు దాటిన్నో
అంతా అండ్లనే ఉన్నది.
స్పాంజి ఉంగరాలు కరకర ఎండి మురుకులైనయి.
గంటె కొసతోని దుమ్ము సీలు పెకిలిస్తె
సీలు ఊడింది, గంటె వంగింది.
వంగిన గంటెను బియ్యం డబ్బా ఎనుక దాచిపెట్టిన.

కొత్త సీలు బొటనేలుతోని నొక్కబోతె
"ఆగు" అన్నడు.
మళ్ల బజారు దాటిండు, మళ్ల వచ్చిండు,
చేతుల ఒక పైపు ముక్క.
"ఒక దిక్కు దిగితే ఇంకో దిక్కు లేస్తది.
చుట్టూత ఒక్కపారే కూసోవాలె."
కూసున్నది, టక్కుమని.
తాత మాత్రం నిలబడే ఉన్నడు.

బర్రెల డాక్టరు ఇచ్చిన సిరంజిల
ఎడమ కాలుకు పదిహేను మిల్లీలు,
కుడికి పదిహేను.
"గింతేనా?"
"గింతే తాతా."
తాత నా సైకిలు దిక్కు చూడలే.
లుంగీ కింది తన కాళ్ల దిక్కు
మెడ వంగినంత మేర చూసిండు.
"నాకు బోల్టు ఏడ పెట్టిండో మరి" అని నవ్విండు.
నేను నవ్వలేక
బోల్టులు బిగించిన,
చక్రం ఎక్కించిన, గాలి కొట్టిన.

"నేనొకపారి నొక్కి చూస్తనే."
రెండరచేతులు హ్యాండిలు మీద పెట్టి
ఉన్న బరువంత ఆనించిండు.
ఫోర్కు మెల్లగ కిందికి పోయింది,
ఆయన్ను తీస్కపోయి
అంతే మెల్లగ తెచ్చి నిలబెట్టింది.
ఇంకోపారి నొక్కిండు.
ఇంకోపారి.
నేను చిప్ప కడిగే నెపంతోని లోపలికి పోయిన.

తిరిగొచ్చేసరికి పేపరు మీద
ఒక చిన్న వాషరు మిగిలి ఉన్నది.
ఏడిదో నాకు తెల్వది, ఆయనకూ తెల్వది.
రెండు దిక్కులా తిప్పి చూసి
అంగీ జేబుల ఏసుకున్నడు తాత.
"రేపు టపా పంచేటప్పుడు సప్పుడు చేస్తె
పిలువు" అని
బజారు దాటుడు మొదలుపెట్టిండు.