పేరు తెలీని చప్పుడు

ఎంజిన్లో ఏదో చప్పుడన్నా, అన్నాను.
చెంగల్రాయులు బానెట్టెత్తలేదు,
చేతిలో టీ గ్లాసు కింద పెట్టలేదు.
"ఏం చప్పుడు?"
చప్పుడంటే చప్పుడే కదన్నా.
"అట్లంటే ఎట్లప్పా?
టకటకంటే టాపెట్టు.
గరగరంటే బేరింగు.
కీచుమంటే బెల్టు.
లొడలొడంటే మౌంటింగు రబ్బరు.
పేరు తెలీని చప్పుడుకి
నేను పానా పెట్టేదిలా."

గ్రీంస్‌పేట షెడ్డు ముందర
తెల్లారి ఏడు.
తొమ్మిదికి రాయవేలూరు ఆస్పత్రిలో
కుప్పమ్మక్కకు డయాలసిస్.
వారానికి మూడు దినాలు ఆమెను ఎక్కించుకోని పోతాను.
వెనక సీట్లో, టిఫిన్ క్యారియర్ వొళ్లో పెట్టుకోని,
అద్దం సగం దించి, మా ఇద్దరి మాటలూ వింటా ఉంది.

చెప్పడానికి చూసినాను.
చల్లగా ఉన్నప్పుడు రాదన్నా,
రొంత వేడెక్కితే వస్తుంది.
మూడో గేర్లో గమ్మున పడుంటుంది,
నాలుగులోకి మారిస్తే పండ్లు కొరుకుతుంది,
నరహరిపేట చెక్‌పోస్టు కాడ ఆగినానంటే
పోలీసు కూడా తొంగి చూస్తాడు.
తిరుపతిలో కంపెనీ షోరూముకి పోయినా.
వైరు తగిలించి కంప్యూటర్ చూసినారు,
దాంట్లో ఏ తప్పూ రాలేదు.
అయినా టైమింగ్ చైన్ మార్చమన్నారు,
పద్దెనిమిది వేలు.
ఆ కాగితం ఇంకా డాష్‌బోర్డులోనే ఉంది,
దానిమీదే పెట్రోలు లెక్కలు రాసుకుంటా ఉండా.

"చైను కాదప్పా."
అన్నది చెంగల్రాయులు కాదు.
వెనక సీటు.
"ముప్పై ఏండ్లు పిండి మిషను తోలినా గుడిపాలలో.
లోపలి చప్పుడు కడుపులో తెలుస్తుంది,
ఇది పండ్లల్లో తెలస్తా ఉంది.
ఖాళీ బిస్కెట్ డబ్బా మీద
అలసందలు రాలినట్లుంది.
తగరం అది. పైదే."

చెంగల్రాయులు టీ గ్లాసు బల్ల మీద పెట్టినాడు.

ఎడమ చెవిని ఎప్పుడో క్వారీ కంప్రెసర్‌కి ఇచ్చేసినోడు.
మూరెడు స్క్రూడ్రైవర్ కొన ఇనుముకి ఆనించి
పిడిని కుడిచెవి ఎనక ఎముకకి ఆనించి
కండ్లు మూసుకున్నాడు.
రేజ్ చెయ్, అన్నాడు. ఇంకొంచెం. అంతే. పట్టుకో.
టాపెట్ కవరు: తల అడ్డంగా.
ఆల్టర్నేటరు: తల అడ్డంగా.
వాటర్ పంపు కాడ రెండు సార్లు విన్నాడు,
అనుమానం తీరక మూడోసారి.
"నీళ్లు బాగానే తోడుతాంది పాపం."

పది నిమిషాలకి వేడెక్కింది.
వచ్చింది చప్పుడు, పిలవని చుట్టంలాగ.
మ్యానిఫోల్డు మీది రేకుని కటింగ్‌ప్లేయర్‌తో పట్టుకున్నాడు.
పోయింది.
వదిలినాడు.
వచ్చింది.
పట్టుకున్నాడు.
పోయింది.
ఆ వయసులో, ఆ మసిమొకంతో
పిల్లోడి మాదిరి ఇంకో నాలుగు సార్లు.

మూడు బోల్టులుండాల్సిన కాడ
ఒకటి లేదు,
ఒకటి తుప్పు,
ఒకటే మోస్తా ఉంది అంత రేకునీ.
పాత పాల క్యాను మూతలో నుంచి
రూపాయంత వాషర్లు కత్తిరించి
పదో నంబరు పానాతో బిగించినాడు.
వేలు కాలింది, నోట్లో పెట్టుకున్నాడు.
బోల్టులకి నలభై.
వినిందానికెంతన్నా?
"వినింది నేనొక్కణ్ణేనా?"
వెనక సీటు వైపు చెయ్యి చూపించి
టీ కోసం వెతుక్కున్నాడు. ఈగ పడింది.

నరహరిపేట దాటినాం.
నాలుగో గేరు. ఏమీ లేదు.
టైరు కింద తారు, అద్దంలో గాలి,
ఎప్పుడూ వినని ఇండికేటర్ టిక్కుటిక్కు.
దానెనక ఇంకోటి.
మెల్లింగా, తడిగా,
జల్లెడలో పిండి ఆగి ఆగి జారినట్లు.
ఇన్ని దినాలూ ఆ రేకు కప్పెట్టిందా దీన్ని?
అద్దంలో చూసినాను.
కుప్పమ్మక్క సీటుకి ఆనుకోకుండా
ముందుకు వంగి కూర్చోనుంది,
ఎగశ్వాస.

"అక్కా, ఏం చప్పుడు..."

"దాని పేరు నాకు తెలుసులేప్పా," అంది.
"నువ్వు రోడ్డు చూడు.
అయిదో గేరుంటే అయిదులో పో."