గడి లేని లెక్క

పొద్దు ఇంకా గుట్టెక్కలే.
సోమశిల దాటినంక మూడో మలుపుల
నేనూ కాట్రాజు ఈదన్నా రాళ్లమీద కూసున్నం.
నా తొడమీద పిట్టల రిజిస్టరు,
ఆయన చెవిమీద ముట్టియ్యని చుట్ట.

రిజిస్టరుల ఒక్కటే గడి: కనిపించినవి.
ఎన్కకెల్లి, తునికిచెట్ల మీదికెల్లి
కంసాలిపిట్ట రాగిచెంబు మీద సుత్తె వేస్తున్నది.
తల తిప్పితే ఆకులే.
ఈదన్న మూడు వేళ్లు లేపిండు.
"ఒకటి ముసల్ది," అన్నడు,
"నిరుడు గూడ దాని గొంతు గిట్లనే జీరవోయింది."
నేను సున్న సుట్టిన.

ఏటి మీదికి ఒరిగిన నల్లమద్ది మీద
చేపగద్ద గూడు.
మనిషి కాళ్లు ముడుచుకొని పండేంత పెద్దది,
ఏటికేడు ఇన్ని పుల్లలు పెరుగుతది.
దాని కింద నీళ్లల్ల మా బోర్డు:
నాలుగు నెలలు పుట్టిలు రావద్దు.
అది పాతిననాడు శాంతవ్వ తెడ్డు ఆపి అన్నది:
"గద్దపిల్లకు చేపలు దాసిపెడ్తున్నరు, మంచిదే.
నా ఇంట్ల గూడ రెండు నోర్లు తెరుచుకొనే ఉన్నయి."
దానికీ గడి లేదు.

ఆ దినం పొద్దుగూకంగ
గూట్లకెల్లి ఒకటే అరుపు.
తల్లి వచ్చుడు, పోవుడు,
తెచ్చిన చేపను ఇడిసిపెట్టి మళ్ల లేచుడు.
ఈదన్న కత్తి మొలల చెక్కి
తేనెకు ఎక్కినట్టే ఎక్కిండు.
గద్ద రెక్క ఈపును కొడ్తున్నా తల ఎత్తలే.
కింద పడ్డయి చేపముండ్లు, ఎండిన పొలుసు,
ఒక పాము ఎముకల దండ,
ఆఖరుకు నీలం నైలాను వల ముక్క.
పిల్ల కాలు దాంట్లనే ఇరికిందట.

శాంతవ్వ పుట్టి బోర్డు అవతలనే ఆగింది.
వల ముక్క ఇటియ్యమన్నది.
ముడిని బొటనవేలితోని రెండుసార్లు తడిమింది.
ఒక్కో ఇంటి చేతిముడి ఒక్కో తీరని
ఈదన్న తర్వాత చెప్పిండు.
అప్పుడైతే ఆమె ఇంకేమీ అనలే,
"పనికొస్తది" అని కొంగుల కట్టుకొని
పుట్టిని మర్లేసింది.
నీళ్లు శానసేపు గుండ్రంగ తిరిగినయి.

తెల్లారి, మంచుల, మళ్ల మేమిద్దరం.
గూటి అంచున బూడిదరంగు తల ఒకటి
లేచింది, మునిగింది.
రాసుకున్న.
ఎన్క సుత్తె మొదలైంది.
నేను తల తిప్పలే.
కనిపించినవి అన్న గడిల
కంసాలిపిట్టలు మూడు అని ఎక్కించిన.

ఈదన్న చుట్ట ముట్టించుకుంట
రిజిస్టరు దిక్కు సూడకుండనే
"నాలుగు" అన్నడు.