వాక్యం చివర

అక్టోబరులో ఒక ఆదివారం,
డండీలో పొగమంచు టే నది మీంచి లేచి
మా మెట్లదారి దాకా వచ్చి కూర్చున్న పూట,
పనేమీ లేక
ఇంటి ఇంటర్నెట్‌ని బాగుచేశాను.

బాగానే ఉంది అప్పటికి. అదే దాని తప్పు.

ఎవడో చెప్పాడు, ఈ అంకె తగ్గిస్తే వేగం పెరుగుతుందని.
తగ్గించాను.
ఇది ఆపేస్తే పరుగెడుతుందని ఇంకెవడో.
ఆపేశాను.
సర్వరు మార్చాను, ప్యాకెట్టు సైజు కోశాను,
నల్లటి కిటికీలో తెల్లటి ఆజ్ఞలు నాలుగు కొట్టి
వేళ్ళు విరుచుకున్నాను, వంతెన కట్టినవాడిలా.
కొత్త అంకెలు గ్యాసుబిల్లు కవరు మీద రాసుకున్నాను.
పాతవి రాసుకోలేదు.
పాతవాటిని ఎవరు రాసుకుంటారు?

ఆ తర్వాత రెండు నెలలు
కంపెనీని తిట్టాను. రెండడుగుల మందం రాతిగోడల్ని తిట్టాను,
వాటిని కట్టినవాళ్ళ ముత్తాతల్ని కూడా.
పైఅంతస్తు కుర్రాడు యూఅన్ రాత్రంతా ఆటలాడి
మా వేగం తాగేస్తున్నాడని
చీపురు కర్రతో సీలింగు పొడిచాను, రెండుసార్లు,
వాడి లైను వేరు, మా లైను వేరని తెలిసీ.
కంపెనీ నుంచి ఫ్రేజర్ అనే ఆయన వచ్చి
తడిబూట్లు గుమ్మంలో విప్పి, గోడ దగ్గర మీటరు పెట్టి
"ఇక్కడి దాకా ధారగా వస్తోంది.
ఇవతల ఏమవుతోందో మీకే తెలియాలి" అన్నాడు.
వెళ్ళాక ఆయన్నీ తిట్టాను.

వకుళ పక్కగదిలో పని చేస్తుంది. ఆసుపత్రులకు దుబాసీ.
తెర మీద ఒక పక్క డాక్టరు, ఒక పక్క రోగి,
మధ్యలో ఆమె గొంతు.
డిసెంబరులో ఒక బుధవారం, లీడ్స్ నుంచి
శ్రీకాకుళం యాసతో ఒక ముసలావిడ.
ఛాతీలో నొప్పి ఉందా అని డాక్టరు అడిగాడు.
"నొప్పి" అందావిడ.
నోరు సగం తెరుచుకుని బొమ్మలా ఆగిపోయింది.

మన భాషలో అవునో కాదో తేలేది చివర్నే కదా.
ఇంగ్లీషైతే 'నో' అని ముందే చెప్పేసి
తర్వాత తీరిగ్గా తెగిపోవచ్చు.
తెలుగు అలా కాదు. ఊపిరి నిలబడాలి, లైను నిలబడాలి,
చివరిదాకా.

నొప్పి...
పదకొండు సెకన్లు.
వకుళ పెన్ను గాల్లో. డాక్టరు చెయ్యి ఫోను మీద.
"...నేదు బాబూ."

తలుపు సందులో టీ కప్పుతో నేను.

ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర వెనక్కి నడవడం మొదలెట్టాను.
ముగ్గు తుడవడం కాదిది, స్వెట్టరు విప్పడం.
చివర వేసిన ముడి ముందు విప్పాలి.
సర్వరు వెనక్కి. ప్యాకెట్టుకి దాని ఒళ్ళు దానికి.
రౌటరు వెనక చీమ దూరేంత బొక్కలో
వకుళ చీర పిన్నీసు దూర్చి పది లెక్కపెట్టాను.
దీపాలన్నీ ఆరి, ఒక్కొక్కటే వచ్చాయి.
అయినా నత్తే.

రెండున్నరకి దొరికింది.
వచ్చేదాన్ని బట్టి తలుపు ఎంత తెరవాలో
కంప్యూటరు తనే చూసుకునేది ఇన్నాళ్ళూ.
దానికి నేను గొళ్ళెం పెట్టాను, వేగం కోసం!
నల్ల కిటికీ తెరిచి ఆజ్ఞ చివర ఒక్క మాట కొట్టాను: నార్మల్.
"ఓకే" అంది.
అంతే. ఇన్నాళ్ళూ ఏం చేశావని అడగలేదు.

కవరు మీద ఇంకో అంకె మిగిలింది, అరవైనాలుగు.
ఏ గడిలోదో గుర్తు రాలేదు.
ఇప్పటికీ లోపలెక్కడో ఉండే ఉంటుంది.

పొద్దున వకుళ అంది,
"కంపెనీవాళ్ళు ఏదో చేసినట్టున్నారు, ఇవాళ బావుంది."
"ఊఁ" అన్నాను.

జంతికల డబ్బా పట్టుకుని పైకెళ్ళి
యూఅన్ తలుపు కొట్టాను. కళ్ళు నులుముకుంటూ తీశాడు.
తప్పు నీది కాదు అని చెప్పాలి.
ఇంగ్లీషు కాబట్టి 'కాదు' ముందే వచ్చేసింది.
'నాది' అనడానికే
కొంచెం టైము పట్టింది.