పిల్లిగద్దల లెక్క

ఆరు రోజులు మిర్చి యార్డులో
కాటా పక్కన నిలబడి టిక్కీలు లెక్కపెడతాను.
ఏడో రోజు పిట్టల్ని.
రెంటికీ ఒకటే పుస్తకం.
ముందు నించి బస్తాలు, వెనక నించి రెక్కలు.
ఏదో ఒక పేజీలో ఎదురుపడతాయి, తప్పదు.

కార్తీకంలో రెండో ఆదివారం.
ఏటుకూరు దాటినా తెల్లారలేదు.
కాలేషా ఆటో దీపంలో మంచు
తవుడులా రాలుతోంది.
"గద్దల కోసం ఇంత పొద్దున్నే లేచేది
కోడిపిల్లలున్నోళ్ళే సార్" అన్నాడు.
నవ్వబోతే తుమ్ములొచ్చాయి, నాలుగు.
ఏ సబ్బుతో ఉతికినా
యార్డు నా చొక్కాలోనే బయల్దేరుతుంది.

ప్రత్తిపాడు దిగువన నల్లరేగడి.
మొన్నటి వాన ఇంకా దాని కడుపులోనే ఉంది.
కుడి చెప్పు కిలో, నాలుగడుగులకి కిలోన్నర.
కాటా మనిషిని, కాలికి తెలుస్తుంది.

కరెంటు తీగ మీద పాలపిట్ట.
దసరా నాడు దీని కోసమే ఊరంతా మెడలెత్తింది.
ఇవాళ పలకరించే దిక్కు లేదు.
ఎగిరింది.
చీకటింట్లో ఎవరో
కిటికీ తెరిచి మూసినంతసేపు, ఆ నీలం.

పసిరికలు. ఏట్రింత. గట్టు మీద జిట్టంగి,
తోకతో నేలని తడిమి తడిమి చూస్తూ.
పత్తిచేలో పేరు తెలియని గోధుమరంగు పిట్ట
పేరు తెలియనివన్నీ గోధుమరంగులోనే ఎందుకుంటాయో.
తొమ్మిదింటికి పేజీ నిండింది.
నేను వచ్చింది మాత్రం వీటి కోసం కాదు.

సజ్జ చేను దగ్గర డబ్బా మోత.
ఓహోయ్... ఓహోయ్...
గిజిగాళ్ళు గుప్పెడు ఇసుకలా లేచాయి.
నా బైనాక్యులర్‌లో ఖాళీ ఆకాశం.
మంచె మీద సువార్తమ్మ,
నూనె డబ్బా, కర్ర, నోట్లో పొగాకు.
"నేను తోలేవాటి కోసం
నువ్వు ఛార్జీలు పెట్టుకుని వచ్చావా?"
చూడ్డానికి వచ్చానన్నాను.
"చూసి?"
రాసుకుంటాను.
"రాసి?"
కాలేషా అటు తిరిగి బీడీ ముట్టించాడు.

మధ్యాహ్నం ఆమె చద్దన్నంలో
నాకో పచ్చిమిరపకాయ ఇచ్చింది.
టన్నులు తూచాను, కొరికింది ఇదే మొదలు
అన్నట్టు మండింది.
నీళ్ళు తాగుతుంటే చెప్పింది:
"దాన్నొక్కదాన్నే నేను తోలను.
పిల్లిగద్దని.
గింజ ముట్టదు, మిడతల్ని ఏరుకుంటది.
కర్నూలు నించి పత్తి తియ్యడానికొచ్చే జనం లాగానే
ఎక్కణ్ణించో వస్తది, పనయ్యాక పోద్ది.
దానికి మాత్రం మేస్త్రీ లేడు, అదృష్టవంతురాలు."

నాలుగున్నరకి ఎండ చాయ్ రంగుకి తిరిగింది.
మొదటిది వచ్చింది.
బూడిదరంగు మగది, నీళ్ళ మజ్జిగంత పలచన,
చేను తలల మీద జానెడు ఎత్తున,
రెక్కలు కాస్త పైకి పట్టుకుని,
బురదలో కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నడిచే మనిషిలా.
డబ్బా ఆగింది.
కర్ర ఒళ్ళో పెట్టుకుంది సువార్తమ్మ.
గాలికి సజ్జ కంకులు వంగిన చప్పుడు తప్ప
ఆ పొద్దున్నించీ మొదటిసారి చేనులో ఏమీ లేదు.

తర్వాత రెండు. అటు నించి ఇంకోటి.
బీడు మీద చుట్టూ చుట్టూ తిరిగి
గడ్డిలోకి ఒక్కోటే జారాయి.
చెట్టూ కొమ్మా అక్కర్లేదు,
కటిక నేల మీదే రాత్రి.
ఏడు, అన్నాను.
"పదకొండు," అంది, ఆమె కళ్ళకి అద్దాల్లేవు.
"నువ్వు దిగిన వాటిని లెక్కపెట్టావు.
నువ్వొచ్చేసరికే గడ్డిలో నాలుగున్నాయి.
కదలనివి నీ యంత్రానికి కనపడవు."

కాలేషా ఆటో తిప్పాడు.
మీగడ చీకటి. మోకాళ్ళ దాకా చలి.
ఏటుకూరు దగ్గర దీపం కింద ఆపించి రాశాను:
పిల్లిగద్దలు.
నాకు ఏడు. సువార్తమ్మకు పదకొండు.
కింద కూడిక గీత గీశాను, అలవాటు.
గీత కింద ఏం వెయ్యాలో తెలియక
పుస్తకం మూశాను.

పొద్దున యార్డులో తెరిస్తే
రెండు పేజీల మధ్య
ఒక సజ్జ గింజ.