రాయి లేని ఊళ్ళో

నరసాపురంలో కుక్కని అదిలించడానికి కూడా రాయి దొరకదు.
తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసుక,
ఆ కింద ఉప్పునీళ్ళు.
ఈ సంగతి నాకు అరవై రెండో ఏట తెలిసింది,
చెకుముకి తుపాకి చెయ్యడం మొదలెట్టాక.

మిగతావన్నీ దొరికాయి.
లైసెన్సు కాయితం రెండేళ్ళు తిరిగితే దొరికింది.
"దేన్ని కాలుస్తావయ్యా?" అన్నాడు గుమాస్తా.
"దేన్నీ కాదండి. చేస్తానంతే."
ఆ మాటకి దరఖాస్తులో గడి లేదట,
పంట రక్షణ అని రాసుకున్నాడు.
నా పంటల్లా పెరట్లో రెండు ఆనప పాదులు.

మడమకి కర్ర ఓలేటి చిట్టియ్య ఇచ్చాడు,
సఖినేటిపల్లి రేవులో విప్పేసిన పాత పంటు పక్కటెముక.
ఉలి ఆనిస్తే చాలు, గదంతా రేవు వాసన.
ఒకచోట మేకు తగిలింది.
ఎవడు కొట్టాడో, ఏ కాలం వాడో,
పీకబుద్ధి కాలేదు.
దాని చుట్టూ తిరిగి చెక్కాను.

గొట్టం లోపలి మెలిక కుదరక నెల పోయింది.
లెక్క పుస్తకంలో ఉంది, చేతిలో లేదు.
అంబాజీపేటలో పళ్ళాలమ్మ పీచుతాడు పేనుతుంటే
పొద్దుగూకేదాకా కూర్చున్నాను.
"తాడు కావాలా బాబూ?"
"మెలిక కావాలమ్మా."
నవ్వి, చెయ్యి నెమ్మది చేసింది.
వెనక్కి నడుస్తూ తిప్పుతుంది,
నడక ఎంతో తిప్పుడు అంత.
ఇంటికొచ్చి, మొనకి ఉక్కు పన్ను బిగించిన ఊచ పట్టుకుని
నేనూ వెనక్కి నడిచాను,
ఏడు గాళ్ళు, ఒక్కో గాడికీ వందేసి నడకలు,
కాశీ దాకా పోయుంటానేమో వీపు ముందు పెట్టుకుని.
ఆఖర్న గొట్టాన్ని కిటికీకి ఎత్తి చూస్తే
పైసంత వెలుగు,
వెలుగులో కాలవ,
కాలవలో బాతు తల ఒకటి.
అది జరిగిపోయేదాకా కన్ను తియ్యలేదు.

వీరవేణి లేసు అల్లుతూ
వచ్చినోళ్ళందరికీ చెబుతుంది, మా ఇంటి పిట్టలదొర అని.
ఆవిడ లేసు పువ్వునే దొంగిలించి
ఇత్తడి బిళ్ళ మీద గీశాను.
కళ్ళజోడు పైకి నెట్టి చూసింది:
"ఆరు రేకులేంటి? ఎనిమిది."
బిళ్ళ పారేసి కొత్తది కోశాను.

గన్నబత్తుల వారబ్బాయి బండేసుకొచ్చాడు,
చేపల చెరువు మీద నీటికాకులు వాలుతున్నాయి, ఎంతకిస్తావని.
గుర్రం నోరు చూపించాను.
రాయి కరుచుకోవాల్సిన చోట చింతపిక్క ఉంది.
"ఇదా పేలేది?" అని టీ తాగి పోయాడు.

తప్పు గోదారిది.
కొండల్ని నమిలి నమిలి
మెత్తగా చేసి గాని మాకు పెట్టదు,
పళ్ళు రాని పిల్లలమన్నట్టు.

చివరికి దేవీపట్నం తోడల్లుడు పంపాడు,
మాగాయ జాడీ మూతి గుడ్డలో ముడేసి,
పొగాకు రంగు రాయి, సున్నం డబ్బీ అంత.
నూనె మరక కడిగి, పగలగొట్టి, అంచు తీసి
గుర్రం పళ్ళకి కరిపించేసరికి
ఊరంతా కరెంటు పోయింది.
మందు పొయ్యలేదు, తూటా లేదు.
మీట నొక్కాను.

చీకట్లో గుప్పెడు నిప్పురవ్వలు.
కొండ ఇంకా నలగలేదన్నమాట.

వీరవేణి కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నేల తడుముకుంటూ అంది,
"ఇంకోసారి కొట్టు,
నా కొక్కెం సూది ఎక్కడ పడిందో చూసుకుంటాను."